మంచుకోడి కోసం ఎక్కిన కొండ

పరాయిదేశంలో మేముండే సర్రీ ఊళ్ళో, మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవారు. మన దేశంలో మాది ఒకటే జిల్లా. ఇక్కడ పాతికేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యారు. పిట్టల్ని చూడటం తప్ప ఆయనకు వేరే వ్యసనం లేదు. చూసిన ప్రతి పిట్టకూ నోట్‌బుక్కులో పేరు, తేదీ రాసుకునేవారు. ఒక్క పేరు పక్కన మాత్రం ఎనిమిదేళ్ళుగా తేదీ లేదు: టార్మిగన్. చెట్లు కూడా మొలవనంత ఎత్తులో రాళ్ళ మధ్య బతికే కోడి అది. చలికాలానికి ఒళ్ళంతా తెల్లబడుతుంది. ఆయన దాన్ని మంచుకోడి అనేవారు.

నిరుడు ఆయన ఊపిరితిత్తులు గట్టిపడటం మొదలైంది. ఆ ఏటి చలికాలం వచ్చాక ఇక కొండల మాట మరిచిపొమ్మని డాక్టర్ చెప్పేశారు. ఒంటరిగా పంపనని భార్య పట్టుబట్టారు. అందుకని అక్టోబరు మొదట్లో, చలికాలం రాకముందే, ఆయన నన్ను తోడు రమ్మన్నారు.

నన్ను ఆయన దొరగారూ అని పిలిచేవారు. మా మేడ, భూములు కోర్టు వేలంలో పోయిన తీరు ఆయనకు తెలుసు. ఆ పిలుపులో మర్యాద ఎంత, వెటకారం ఎంత అని నేనెప్పుడూ ఆరా తీయలేదు. ఇక్కడ గోదాములో షిఫ్టు పని చేస్తాను. అది దాచను. జాలి మాత్రం ఎవరినీ పడనివ్వను.

తెల్లవారకముందే బయల్దేరాం. కారు నేను నడిపాను. దారిలో ఆయన మా తాతగారి వేట సంగతి ఎత్తారు. కొల్లేరు వెళ్తే ఏనాడూ ఒట్టి చేతులతో తిరిగొచ్చేవారు కాదట కదా అన్నారు. అవునన్నాను. ఆ బాతుల్లో సగం వలలవాళ్ళ దగ్గర కొన్నవని మా నాన్నగారు ఒకసారి అన్నారు. ఆ సంగతి చెప్పలేదు.

"ఇవాళ మీ వంశం పేరు నిలబెట్టాలి దొరగారూ. తుపాకీ లేదు కదాని తప్పించుకోకండి," అని నవ్వబోయి దగ్గారు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

చెట్లు అయిపోయే చోటికి చేరేసరికి ఎండ వచ్చింది కానీ వేడి లేదు. ఎదురుగా రాళ్ళతో నిండిన నిట్టనిలువు వాలు. ఆయన ఒక బండ మీద కూలబడ్డారు. ఆ ఒక్క వాలు ఎక్కడానికే తనకు ఊపిరి మిగిలిందని, దాన్ని ఊరికే ఖర్చు చేయలేనని చెప్పారు. నేను ముందు వెళ్ళి చూడాలి. గాలికి కేక వినపడదు. పిట్ట కనిపిస్తే చెయ్యి ఎత్తాలి. లేకపోతే దిగి వచ్చేయాలి, ఇద్దరం ఇంటికి పోదాం.

పైన గంటసేపు బైనాక్యులర్స్‌తో వెతికాను. రాళ్ళు, గాలి. కిందికి చూస్తే ఆయన ముఖం నా వైపే ఉంది. అప్పుడు ఒక రాతి వెనక తెల్లగా ఏదో కదిలినట్టయింది. చెయ్యి ఎత్తాను. నాలుగడుగులు వేసి చూస్తే, నీడలో కరగకుండా మిగిలిన మంచు.

చెయ్యి దించవచ్చు. అడ్డంగా ఊపి వద్దనవచ్చు. ఆయన అప్పటికే లేచారు. పొరపడ్డాను అని ఆయనతో అనడం ఇష్టం లేక చెయ్యి అలాగే ఎత్తి ఉంచాను. ఈలోగా నిజంగానే ఒకటి కనపడకపోతుందా అనుకున్నాను.

ఆయన ఎక్కడానికి ముప్పావు గంట పట్టింది. పది అడుగులకోసారి ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయేవారు. నేను సాయానికి కూడా దిగలేదు. దిగితే పిట్టను వదిలి ఎందుకొచ్చారని అడుగుతారు. పైకి వచ్చేసరికి ఆయన పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఎక్కడ అన్నట్టు చేత్తో అడిగారు.

"ఇప్పుడే ఎగిరిపోయిందండీ," అన్నాను.

ఊపిరి కూడదీసుకున్నాక అడిగారు. "ఎగిరిందా, నడిచిపోయిందా?"

"ఎగిరింది."

ఆయన నా ముఖంలోకి చూశారు. ఆ కోడి మనిషి దగ్గరికొచ్చినా సాధారణంగా ఎగరదని, రాయిలా కూర్చుండిపోతుందని, మరీ బెదిరితే నడిచి తప్పుకుంటుందని నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆయనకు అది అప్పుడే తెలుసు. నోట్‌బుక్కు జేబులోంచి తీయలేదు. దిగేటప్పుడు నా భుజం పట్టుకోమన్నాను. పట్టుకోలేదు.

జనవరిలో ఆసుపత్రిలో పోయారు. పదో రోజు దాటాక వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆ కొండ మీద పిట్ట మీకు కనపడిందని ఆయన చెప్పారు, ఎలా ఉంటుందో చెప్పండి, వినాలనుంది అన్నారు. పుస్తకంలో బొమ్మ చూసినవాణ్ణి, చెప్పగలను.

"నేను చూడలేదండీ," అన్నాను.

ఆవిడ అర్థం కానట్టు చూశారు. తర్వాత, గొంతు పెంచకుండానే, "మరి ఆయన్ని అంత ఎత్తు ఎందుకు ఎక్కించారు?" అన్నారు.

కాఫీ చల్లారేదాకా కూర్చున్నాను. నేను లేచి నిలబడితే, ఆవిడ గుమ్మం దాకా కూడా రాలేదు.