పీతకు వేరే తొట్టి

మా ఇంట్లో ఒక పీతకు దక్కిన మర్యాద, పదకొండేళ్ళు మా ఇల్లు తుడిచిన మనిషికి దక్కలేదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది నాచారం. మామగారు ప్రభుత్వ ప్రయోగశాలలో నీళ్ళూ ఖనిజాలూ పరీక్షించి రిటైరయ్యారు. మా ఆయనది ఉప్పల్‌లో అలాంటి ఉద్యోగమే. నేను పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ముగ్గురిలో ఏ ఒక్కరికీ కళ్ళతో చూసింది నమ్మే అలవాటు లేదు, ముందు పరీక్ష చేయాల్సిందే. పాలు విరిగినా మామగారు లిట్మస్ కాగితం వెతుకుతారు.

హాల్లో ఉన్న సముద్రపు నీళ్ళ తొట్టి మా ఆయన ముచ్చట. ఆర్వో నీళ్ళలో ప్రత్యేకంగా దొరికే ఉప్పు కలిపి, అందులో పగడాలు పెంచుతాడు. రెండు నారింజ రంగు చేపలు, గాజుకు పట్టే పాచి తినడానికి డజను నత్తలు. నాగోల్‌లో ఉండే స్నేహితుడు బదిలీ మీద వెళ్తూ తన తొట్టిలోని రాళ్ళు ఈయనకు ఇచ్చాడు. లైవ్ రాక్ అంటారు. రాయికి ప్రాణం లేదు కానీ దాని కన్నాల నిండా ప్రాణులే. మా ఆయన వాటిని తడి గోనెపట్టాలో చుట్టి, బకెట్లో పెట్టుకుని, పురుటి బిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చాడు.

పది రోజులకు ఆ కన్నాల్లోంచి ఒక్కొక్కటీ బయటికి రావడం మొదలైంది. సన్నటి కాళ్ళున్న నక్షత్ర చేప ఒకటి, తలమీద విసనకర్ర విప్పుకునే పురుగు ఒకటి. హిచ్‌హైకర్లట వీటి పేరు. టికెట్ లేకుండా రాయి పట్టుకుని మా ఇంటిదాకా వచ్చేశాయన్నమాట. మామగారు భూతద్దం పట్టుకుని తొట్టి ముందే కుర్చీ వేయించుకున్నారు. కాఫీ కూడా అక్కడికే. పిలవకుండా వచ్చిన ప్రతి పురుగుకూ మా ఇంట్లో స్వాగతమే.

తర్వాత నత్తలు చావడం మొదలైంది. రోజు మార్చి రోజు అడుగున ఒక ఖాళీ గుల్ల. తండ్రీకొడుకులు కిట్లు తీశారు. నైట్రేటు, అమోనియా, ఉప్పు శాతం, అన్నీ రిజిస్టర్లో రాశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడైనా రాళ్ళ వంక చూడాలా వద్దా? చూడలేదు. "మన కిట్‌కు అందనిది ఏదో నీళ్ళలో పడుతోందిరా" అని మామగారు తేల్చారు. ఆ ఏదో ఏమిటి? నేల తుడిచే ఫినాయిలు. పడేస్తున్నది ఎవరు? ఇంకెవరు, ఇల్లు తుడిచే మనిషే! పరీక్షలో దొరకని ప్రతిదీ ఆమె చేతిలోంచే వచ్చినట్టు.

ఆమెది చిలకానగర్. అక్కడ పొలాలుండగా నాట్లు వేసిన ఇంటి మనిషి. ఈ గొడవ విని, చెత్తబుట్టలోంచి ఒక గుల్ల తీసి వేలితో దాని అంచు తడిమింది.

"మందు పడి సస్తె గుల్ల మంచిగనె ఉంటదమ్మా. గిది సూడు, అంచు ఎట్ల ఇరిగిందో. మా పొలంల గుల్లలు గిట్లనే దొరుకుతుండె. ఎండ్రికాయ పని గిది."

ఎండ్రికాయంటే పీత. మామగారు పడీ పడీ నవ్వారు. "పొలం గట్టు మీది పీత మా హాల్లోకి నడిచొచ్చిందంటావా?" అన్నారు.

"ఎట్లొచ్చిందో నాకేం తెల్సు సారూ. ఆ రాళ్ళల్ల సూడున్రి ఒకసారి."

చూడలేదు. చూడకపోగా మరునాడు మా ఆయన ఒక పని చేశాడు. ఆమె హాలు తుడుస్తుండగానే వచ్చి, ఆమె బకెట్లోంచి నీళ్ళు సీసాలోకి ముంచి, ల్యాబుకు తీసుకెళ్తానన్నాడు. ఆమె చేతిలోని తడి గుడ్డ నేలమీద వదిలేసింది. ఆ సీసాకు లేబుల్ రాసింది నేను. అక్షరాలు బాగుంటాయని నన్ను అడిగారు, రాసిచ్చాను. వాళ్ళ మీద కోపం చూపిస్తున్నాను గానీ ఈ ముక్క దాచితే నాకంటే దొంగ ఉండదు. ఆమె బకెట్ బాత్‌రూంలో బోర్లించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆమె మానేసి వారమైనా నత్తలు చస్తూనే ఉన్నాయి. అప్పటికి గానీ మా శాస్త్రవేత్తలకు అనుమానం రాలేదు. ఆదివారం పొద్దున రాళ్ళు ఒక్కొక్కటే బయటికి తీస్తుంటే, పెద్ద రాయి కన్నంలోంచి నీళ్ళు కారి, వాటితోపాటు ధబ్బుమని బకెట్లో పడింది. ఒళ్ళంతా బొచ్చు, నల్లటి కొసలున్న డెక్కలు, నిమ్మకాయంత పీత. డెక్కలో ఇంకా నత్త మాంసం ముక్క ఉంది.

నేననుకున్నాను, ఇప్పుడు సిగ్గుతో తల దించుకుంటారని. అబ్బే! ఫొటోలు తీశారు. "దాని తప్పేముంది, దాని తిండి అది తింది" అన్నాడు మా ఆయన. దానికి వేరే చిన్న తొట్టి, వేరే మోటారు, దాక్కోవడానికి ఒక రాయి. రోజుకో రొయ్య ముక్క. "పాపం బెదిరిపోయినట్టుంది, లైటు తగ్గించు" అని మామగారి సలహా. ల్యాబుకు వెళ్ళిన సీసాలోనూ ఫినాయిలు లేదట, ఉత్త నీళ్ళేనట. మా ఆయన ఆ మాట టిఫిన్ తింటూ చెప్పి, చట్నీ అడిగాడు.

"మరి ఆమె సంగతి?" అన్నాను.

"పిలిస్తే వస్తుందిలే అమ్మాయ్. నువ్వెళ్ళి చెప్పిరా" అన్నారు మామగారు.

వెళ్ళాను. ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పీట వేసింది, మంచినీళ్ళిచ్చింది. పీత దొరికిందని చెప్పాను.

"దొరికిందా!" అని నిజంగానే సంతోషపడింది. "ఏం జేసిన్రు దాన్ని?"

చెప్పాను, వేరే తొట్టీ, రొయ్య ముక్కలూ, అన్నీ. ఆమె చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"నా బకిట్ల నీళ్ళు పట్టిన్రు గదమ్మా సీసల. మా కోడలికి గూడ చెప్పుకోలే నేను."

తప్పయింది, నాదీ తప్పే, లేబుల్ నేనే రాశాను, రేపటి నుంచి రమ్మని అడిగాను. ఆమె నా వెనక వీధిలోకి చూసింది.

"సారు రాలేదా?"

"మామగారికి మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగలేరు" అన్నాను.

"మోకాళ్ళు నాకు గూడ నొస్తయమ్మా. పదకొండేండ్లు మీ మెట్లెక్కిన."

మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. నేను గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను.