గాలిలో మాటకు పర్మిషన్

మా నాయన గోనెగండ్ల దగ్గర కూలిపని చేసి మమ్మల్ని పెంచిన మనిషి. సర్కారు ముద్ర పడకపోతే వాన కూడా కురవదని ఆయన నమ్మకం. నా పెళ్ళి ఆదోని చర్చిలో అని ఖాయం కాగానే చీరలూ భోజనాలూ పక్కన పెట్టి పర్మిషన్ల పని పట్టుకున్నాడు. మైకుకు పోలీసు స్టేషన్లో, రోడ్డు మీద షామియానాకు మున్సిపాలిటీలో. షామియానా తాడు కట్టుకోవడానికి చర్చి పక్కింటి ముసలమ్మను కూడా అడిగి వచ్చాడు. చర్చిలో సరేసరి. మూడు ఆదివారాలు మా ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్ళికి అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలని అడిగారు. ఎవరూ లేవలేదు.

నాకు తేలాల్సింది ఒక్కటే సంగతి. నేను ఎమ్మిగనూరులో ఒక ఆసుపత్రిలో నర్సును. పెళ్ళయి ఆదోని వెళ్ళాక రోజూ బస్సులో వచ్చి ఆ ఉద్యోగం చేసుకోవచ్చా, మానెయ్యాలా? ఆ మాట అబ్బాయివాళ్ళను అడగమని నాయనకు చెప్పాను.

"అట్లాంటివి ముందుగాల అడిగితే బాగుండదు తల్లీ" అన్నాడు. షామియానా తాడుకు పర్మిషన్ అడిగిన మనిషి.

నిశ్చితార్థం రోజు కాబోయే అత్తను నేనే అడిగాను. ఆమె నా గడ్డం పట్టుకుని, "సూద్దాంలేమ్మా" అంది. మా వైపు 'చూద్దాం' అన్నారంటే ఆ పని అటకెక్కినట్టే.

ఇక మిగిలింది అబ్బాయి. ఆయన పని ఆదోనిలో పత్తి మిల్లుల మిద్దెల మీద వైర్లెస్ ఇంటర్నెట్ డబ్బాలు బిగించడం. రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. నేను ఆశగా ఎత్తేదాన్ని.

"నా డ్యూటీ సంగతి మీ అమ్మతో మాట్లాడినారా?"

"మాట్లాడతా. ఈ పొద్దు ఒక మిల్లు మీద డబ్బా బిగిచ్చినాం సూడు..." అని మొదలుపెట్టేవాడు. ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆయన చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. గాలిలో తరంగాలు పోయే దారులు చాలా ఉన్నాయి. కొన్ని దారులు డబ్బు కట్టి లైసెన్సు తీసుకున్నవాళ్ళవి. కొన్ని అందరివీ. అందరి దారిలో లైసెన్సు అక్కర్లేదు గానీ రెండు షరతులు: నువ్వు ఇంకొకరి మాటకు అడ్డం పోకూడదు, ఇంకొకరు నీ మాటకు అడ్డం వస్తే ఫిర్యాదు చేయకూడదు. ఇది నేను ఎప్పుడో విన్నాను. మా ఊళ్ళో అత్తారింటికి పోయే ప్రతి పిల్లకూ చెప్పి పంపేది ఇదే.

ఇంకా ఉంది. కొన్ని దారుల్లో వాన మబ్బులను కనిపెట్టే రాడార్లు ముందు నుంచీ ఉన్నాయట. అక్కడ డబ్బా పెట్టగానే నోరు తెరవదు. ముందు ఒక నిమిషం ఊరికే వింటుంది. రాడార్ అలికిడి లేదని తేలితేనే మాట్లాడుతుంది. మధ్యలో రాడార్ వినబడితే నోరు మూసుకుని వేరే దారి చూసుకుంటుంది. బయటి దేశాల్లో అయితే కొన్ని డబ్బాలు ఇంకా బుద్ధిమంతులు. "నేను ఫలానా చోట ఉన్నాను, మాట్లాడొచ్చా?" అని అడుగుతాయి. ఎక్కడెవరు ఉన్నారో లెక్క చూసే కంప్యూటర్ ఒకటి, "ఈ దారిలో, ఇంత మెల్లగా మాట్లాడుకో" అని జవాబిస్తుంది. అప్పుడే పని మొదలు.

సంబంధం ఆ డబ్బాతో కుదిరి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.

"మీ డబ్బా నిమిషం సేపు వింటాది. మీరు ఎప్పుడు వింటారు?" అని అడిగేశాను ఒకరోజు.

"ఏమంటివి? ఈడ సిగ్నల్ సరిగా లేదు" అన్నాడు.

మిల్లులకు సెలవు దొరికేది వినాయక నిమజ్జనం రోజేనని పెళ్ళి ఆ రోజుకు పెట్టారు. చర్చి వెనక వీధిలో వినాయకుడి పందిరి. ఆ రోజు అక్కడ లడ్డు వేలంపాట. మా నాయన అక్కడికీ వెళ్ళి, మీ పాట మీది, మా పెళ్ళి మాది అని మంచిగా మాట్లాడుకుని వచ్చాడు. వాళ్ళూ మర్యాదస్తులే. మా ప్రార్థన సమయంలో డప్పులు ఆపుతామని మాటిచ్చారు, ఆపారు.

తిరకాసు మైకుసెట్టు ఆయన దగ్గర ఉంది. చర్చికీ పందిరికీ తీగ లేని మైకులు ఇచ్చింది ఆయన ఒక్కడే. ఒకటి చెడితే రెండోది దానికి పనికొస్తుందని ముందుచూపుతో రెండూ ఒకే దారిలో మాట్లాడేవే కొన్నాడు. పైగా బ్యాటరీ సెల్లు ఆదా కావాలని మైకు తీసుకున్న ప్రతివాడికీ నూరిపోసేవాడు: మాట ఆగిందా, మీట ఆపాల. మా చర్చి పాస్టరు అయ్యగారు ఆ మాట వేదవాక్యంలా పాటించేవారు.

నేనూ పెళ్ళికొడుకూ అయ్యగారి ముందు నిలబడ్డాము. "ఈ పెళ్ళికి అడ్డు చెప్పేవారెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అని అడిగి, అయ్యగారు మైకు మీట ఆపి తల వంచారు. చర్చి అంతా నిశ్శబ్దం. అప్పుడు మా స్పీకర్లలో నుంచి ఖంగుమని ఒక గొంతు:

"ఒకటోసారి. ఇంకెవరన్నా ఉండారా? భయపడొద్దండప్పా, ముందుకు రాండి. రెండోసారి..."

పిల్లలు పకపకా నవ్వారు. మా నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా అత్త, ఆ పిలుపు దేవుడే పంపాడేమో అన్నట్టు పైకప్పు వైపు చూసింది. పెళ్ళికొడుకు నా చెవిలో, "రెండు మైకులూ ఒకే దారిలో ఉండాయి, మనది ఆపితే వాళ్ళది దూరతాండాది" అని గుసగుసలాడాడు. అయ్యగారి ముందు నిలబడి కూడా అదే పాఠం.

అయ్యగారు నవ్వలేదు. "ఈ ప్రశ్నకు నిశ్శబ్దమే జవాబు కావాల. అది మనకు దొరకలేదు. మళ్ళీ అడుగుతా" అన్నారు. మళ్ళీ అడిగారు. ఈసారి మీట ఆపలేదు.

చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. ఇంతమంది ఒక్కసారిగా నోరు మూసుకుని వినడం నా జన్మలో మళ్ళీ దొరకదనిపించింది. నోరు తెరిచాను.

"నాకొక మాటుంది అయ్యగారూ."

మా నాయన బెంచీ మీద కూలబడ్డాడు. అయ్యగారు మైకు నా ముందు పెట్టారు.

"పెళ్ళయినాక నేను ఎమ్మిగనూరు డ్యూటీ మానను. సరేనా కాదా, ఈడే సెప్పమనండి."

"అవన్నీ ఇంటికి పోయినాక సూద్దాం" అంది మా అత్త.

"అడిగింది నిన్ను కాదమ్మా" అని అయ్యగారు మైకు పెళ్ళికొడుకు వైపు తిప్పారు.

ఆయన తల్లిని చూశాడు, నన్ను చూశాడు. ఆ నిమిషం నా మాట నిజంగా విన్నాడని నాకు తెలిసింది. "మానొద్దు. పొద్దున్నే నేనే బస్టాండులో దింపుతా" అన్నాడు.

వెనక వీధి నుంచి ఈలలు, చప్పట్లు. అప్పటికి లడ్డు పాట ముగిసి పందిట్లో మైకు ఆపేశారు. మా మాటలన్నీ వాళ్ళ స్పీకర్లలో మోగిపోయాయి. మేము బయటికి వచ్చేసరికి ఒళ్ళంతా రంగులు పూసుకున్న మనుషులు చర్చి గేటు దగ్గర నిలబడి, "డ్యూటీ ఎప్పటి నుంచి అక్కా?" అని అడుగుతున్నారు.

నా సెలవు అయిపోయిన పొద్దున మా అత్త టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి, "బిరీన పో. నువ్వు పోకుంటే వీధి వీధంతా నన్నే అడుగుతాది" అంది. ఆయన మాట ప్రకారం బస్టాండులో దింపాడు.

బస్సు కదిలాక ఏడుపొచ్చింది. సంతోషమే, కాదనను. కోపం కూడా వచ్చింది. నా ఉద్యోగానికి రెండు వీధులు సాక్ష్యం కావాల్సి వచ్చింది. ఆయన పెళ్ళయిన మర్నాడే మిల్లు మిద్దె ఎక్కాడు, ఎవర్నీ అడగలేదు.