పోషన్న అడిగిన నల్లా

ఇందులో ప్రతి మాటా నిజం. సౌదీలో నన్ను ఉండనిచ్చే ఇకామా కార్డు మీద ఒట్టు. ఒక్క అక్షరం కల్పించినా అది రెన్యూవల్ కాకుండా పోవాలి. ఈ దేశంలో మాకు ఇంతకన్నా పెద్ద ఒట్టు లేదు. హాయిల్‌ ఊళ్లోని మా కూలీల క్యాంపులో నన్ను కథలోడంటారు కాబట్టి ఒట్టు వేయక తప్పడం లేదు. కానీ నాలుగేళ్లుగా నేను లోపల మోస్తున్నది కథ కాదు. మొదట మీకే చెబుతున్నాను.

ఊరి బయట, వాన పడితేనే పారే వాగు ఒడ్డున ఏడు తుమ్మచెట్లున్నాయి. శుక్రవారం సెలవు రోజున మేమంతా ఆ నీడలోనే వండుకుని తింటాం. అక్కడ ప్రకృతి పార్కు పెడతామని, నడకదారులు వేస్తామని బలదియా వాళ్లు, అంటే ఇక్కడి మున్సిపాలిటీ, డేరా వేసి పటం పరిచారు. పటంలో దారి సరిగ్గా మా చెట్ల మీదుగా పోతోంది. ప్రజలు అభిప్రాయాలు రాయాలన్నారు. కూలీలూ రాయవచ్చన్నారు. ముప్పై ఒక్క ఫారాలు తెచ్చుకున్నాం.

మాలో ఒక పద్ధతి ఉంది. ఏ కాగితం వచ్చినా నా ముందు పెట్టి, నోటితో చెప్పి, కింద సంతకం గీసి పోతారు. ఏం రాశావని అడగరు. అడిగితే నన్ను నమ్మనట్టు. ఒకడు లైట్లన్నాడు, ఒకడు క్రికెట్ పిచ్ అన్నాడు. నేను మాత్రం నాకు వచ్చిన ఇంగ్లీషులో అన్నిటిలో ఒకటే రాశాను: చెట్లు కొట్టకండి, దారి వంచండి. ఊరుకోబుద్ధి కాక ఇంకో వాక్యం కలిపాను: పెద్ద చెట్టు మనుషుల కోసం నీడను జరుపుతుంది.

పోషన్న ఒక్కడే సంతకం పెట్టబోయి ఆగాడు. నిజామాబాద్ వైపు మేస్త్రీ, మా అందరికన్నా పెద్దవాడు.

“గా చెట్ల కాడ ఒక్క నల్లా రాయిరా. సుక్క నీళ్లు దొరుకయి.”

“రాసిన అన్నా.”

“ఏదీ, సదువు.”

చదివాను. లేనిది చదివాను. “పోషన్న అను నేను, చెట్ల దగ్గర నీళ్ల నల్లా కోరుతున్నాను” అని గొంతు సవరించుకుని మరీ చదివాను.

“అబ్బ! వకీలు లెక్క రాసినవ్‌రా!” అని మురిసిపోయి సంతకం పెట్టాడు.

తరువాతి శుక్రవారం బలదియా ఇంజినీరమ్మ స్వయంగా వచ్చింది. మా చాయ్ తాగుతూ రెండు గంటలు కూర్చుంది. ఎండ తిరిగింది, నీడ జరిగింది. ఫారంలో రాసింది నిజమేనని పగలబడి నవ్వింది. ముప్పై ఒక్క మంది ఒకే మాట మీద నిలబడటం ఎక్కడా చూడలేదంది. గెలిచాం! దారి వంగింది. ఈ రోజు వెళ్లినా చూడవచ్చు, ఏడు చెట్లనూ చుట్టి పోతుంది. సౌదీ పిల్లలు అక్కడ పరుగులు తీస్తుంటే, ఆ వంపు నేను గీసిందే కదా అని నా ఛాతీ ఇప్పటికీ పొంగుతుంది.

కానీ నల్లా రాలేదు.

పార్కు తెరిచిన రోజు పోషన్న చెట్టు చెట్టు వెనకా వెతికాడు. “మన మాట ఇననోళ్లు మనలనెందుకు అడిగిర్రో!” అన్నాడు. ఆ తరువాత ఏ అభిప్రాయ ఫారం వచ్చినా చేత్తో పక్కకు తోసేస్తాడు. గేటు దగ్గరి నుంచి నీళ్ల క్యాను భుజాన మోసుకొస్తాడు.

అందరి కోరికలూ విడివిడిగా రాసి ఉంటే చెట్లు నిలిచేవా? ఏమో. కానీ ముప్పై ఫారాలు చాలవా? ఒక్కదానిలో నల్లా అని రాస్తే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. అన్నీ ఒకేలా ఉంటే ముచ్చటగా ఉంటుందని, నా మాట ఎక్కడా తెగకూడదని, అంతే, ఇంకే కారణమూ వెతకలేను, రాయలేదు.

పోయిన శుక్రవారం ఆయనకు చెప్పేశాను. నోటికొచ్చినట్టు తిట్టాడు. చివరికి క్యాను వంచి మొదటి గ్లాసు నాకే ఇచ్చాడు. “తాగు. నీడనైతే నిలవెట్టినవ్ గద” అన్నాడు.

ఆ తిట్లూ, ఆ మాటా నేను కల్పించినవి. గ్లాసు ఇవ్వడం నిజమే. తాగాను, నల్లా సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు. మిగిలిందంతా జరిగిందే. పోషన్న మాట వినకపోయింది బలదియా కాదు, నేను. ఇదిగో, మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాను. చెయ్యి తేలికైంది.