మొదటి గడి

మా తాతగారు ఎవరినీ ఏదీ రెండోసారి అడిగేవారు కారు. ఆ అవసరం ఆయనకు రాలేదు. తర్వాత భూమి పోయింది, ఇల్లు పోయింది, ఈ అలవాటు మాత్రం వంశంలో మిగిలింది. ఖమ్మంలో డాక్టరీ చదివే రోజుల్లో కూడా నేను దాన్ని జాగ్రత్తగా కాపాడుకున్నాను.

మూడో సంవత్సరంలో మాకు వైద్య వ్యాసాల డేటాబేస్‌లో వెతకడం నేర్పారు. ముందున్న రోగి కష్టాన్ని నాలుగు గడుల ప్రశ్నగా మార్చాలి: రోగి ఎవరు, ఏం చేద్దామనుకుంటున్నాం, దాన్ని దేనితో పోలుస్తున్నాం, ఏం జరగాలని కోరుతున్నాం. ఆ మాటలు కొడితే ఎక్కడెక్కడి డాక్టర్లో రాసిన వ్యాసాలు వస్తాయి. మొదటి గడి తప్పితే మిగతా మూడూ దండగని మా ప్రొఫెసర్ చెప్పారు. ఆ మాట నోట్సులో అందంగా రాసుకున్నాను.

ఒక మధ్యాహ్నం జూలూరుపాడు వైపు నుంచి ఒకతన్ని ఆటోలో మా కాలేజీ ఆసుపత్రికి తెచ్చారు. ఒళ్ళంతా చెమట, వాంతులు, చేతులు వణుకుతున్నాయి, మాట తేలడం లేదు. డ్యూటీ డాక్టరు పక్క గదిలో బండి మీద నుంచి పడ్డవాడికి కుట్లు వేస్తూ, ఈలోగా వివరాలు రాయమని ఇద్దరు విద్యార్థులను పంపారు. ఒకడిని నేను. రెండోది మా క్లాసమ్మాయి, ఇల్లందు బొగ్గుగని కార్మికుడి కూతురు. ఆమె రోగి దగ్గరికి వెళ్ళింది. నేను అతని భార్యను ఏం జరిగిందని అడిగాను.

“పొద్దుగాల మందు కొట్టిండు సారు. ఇంటికొచ్చి గిట్ల పడిపోయిండు.”

ఇంకేమీ అడగలేదు. ‘మద్యం సేవించాడు’ అని రాసి, ఫోన్ తీసి, మద్యం, చెమట, వణుకు, మతి తప్పడం అని వెతికాను. బోలెడన్ని వ్యాసాలు వచ్చాయి. మొట్టమొదటిది ఇతన్ని చూసి రాసినట్టే ఉంది. నా మీద నాకు గౌరవం పెరిగింది. ఫోన్ క్లాసమ్మాయికి చూపించాను. ఆమె చూడలేదు. టార్చి వేసి అతని కంటిపాప చూస్తోంది. అది సూదిమొనంత ఉంది. నోటి వెంట చొంగ కారుతోంది, ఊపిరిలో గురక.

“ఏం మందు దొరా?” అంది. క్లాసులో నన్ను అందరూ అలాగే పిలిచేవారు. గౌరవంతో కాదు.

మందు కొట్టడమంటే ఏమిటో ఆమెకు వివరించబోయాను. ఆమె అప్పటికే అతని భార్యను అడిగేసింది.

“మిరపతోటకమ్మా. దొరోళ్ళ చెలకల కొట్టిండు. మూతికి గుడ్డ గూడ కట్టుకోలే,” అంది ఆ మనిషి. తర్వాత నా చేతిలోని కాగితం వైపు చూసింది. “మా ఆయన చుక్క ముట్టడు. గీ సారు ఏం రాసిండు?”

క్లాసమ్మాయి పరుగెత్తింది. డాక్టరు వచ్చి ఒక చూపు చూసి, విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఊపిరిలో గురక తగ్గేదాకా ఒకదాని వెనక ఒకటి ఇచ్చారు. అతని బట్టలు తీసి ఒళ్ళు కడగాలి, నీళ్ళు తెమ్మన్నారు. తెచ్చాను.

దొరోళ్ళ చెలక అనే ఆ మెట్టభూమి మాదే. అంటే మా పేరు ఇంకా దానికి అంటుకుని ఉంది. మా వాళ్ళెవరూ వీపుకు మందు పంపు తగిలించుకున్నవాళ్ళు కారు. మా ఇంట్లో మందు కొట్టడానికి ఒకటే అర్థం. ఆ చెలక పోయింది కూడా ఎక్కువగా ఆ అర్థంలోనే.

సాయంత్రానికి అతను భార్యను గుర్తుపట్టాడు. నేను పాత వాక్యం కొట్టేసి పక్కన సంతకం పెట్టి, మిరపతోటకు పురుగుమందు కొట్టాడని రాశాను. ఆ మందు పేరేమిటని ఆమెను అడిగాను. తెలియదంది. డబ్బా రంగు ఏమిటని, ఇంకా ఇంట్లోనే ఉందా అని మళ్ళీ అడిగాను. ఆమె ఓపికగా చెప్పి, రాసిందంతా చదివి వినిపించమంది. వినిపించాను.

“చుక్క ముట్టడని గూడ రాయి సారు.”

అది ఏ గడిలోకి వస్తుందో మాకు నేర్పలేదు. రోగి ఎవరు అన్న చోట రాశాను.