మిరపచెట్టు రెండో పూత

పంతొమ్మిదేళ్ళకే మా ఊరు నన్ను ముసలిదాన్ని చేసేసింది. బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. పరుగెత్తితే మా వీధిలో నన్ను అందుకునేవాళ్ళు లేరు. అయినా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా మా నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల ముదిరిపోతోందిరా" అని మా నాన్నకు వినపడేలా అనేది. బెండకాయను చూసి చెప్పినట్టే చెప్పేది. ప్రాణులు ఎందుకు ముసలివవుతాయన్న ప్రశ్న మీద నాకంత పట్టుదల పుట్టిందంటే ఆ పుణ్యం ఆవిడదే.

అది అరవైల మొదట్లో మాట. చిలకలూరిపేట అవతల నల్లరేగడి నేలలో మాకు మిరప, పత్తి చేలుండేవి. గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. డిగ్రీ అయ్యాక వాల్తేరు వెళ్ళి ఎమ్మెస్సీ చెయ్యాలని నేను, ఇంకొల్లు సంబంధం ఖాయం చెయ్యాలని నాయనమ్మ. మా నాన్న ఇద్దరికీ "చూద్దాంలే" అని ఒకే జవాబు చెప్పి పొలానికి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు మా వృక్షశాస్త్రం మాస్టారు క్లాసులో ముసలితనం గురించి చెప్పారు. శరీరం యంత్రంలాంటిదనీ, వాడేకొద్దీ బండి ఇరుసులా అరుగుతుందనీ ఆయన వాదన. నా నోరు ఊరుకోదు. లేచి నిలబడి, "ఇరుసు విరిగితే వడ్రంగి రావాలండి. చెట్టు కొమ్మ నరికితే చెట్టే చిగురేసుకుంటుంది. తనని తాను బాగుచేసుకోవడం చేతనైంది ఎందుకు అరిగిపోవాలండి?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. సాయంత్రం పిలిచి ఒక విదేశీ పత్రిక చేతిలో పెట్టి, చదివి తనకు చెప్పమన్నారు.

అందులో మేధావులు ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నారు. అరుగుదలే కారణమని ఒకరు. చావు ముందే లోపల రాసిపెట్టి ఉంటుందనీ, పిల్లలకు చోటివ్వడానికి పెద్దవి తప్పుకుంటాయనీ ఇంకొకరు. సంతానానికి సత్తువంతా ధారపోయడం వల్లే ఒళ్ళు చెడుతుందని మరొకరు. చివరి వాదం మాత్రం నన్ను కూర్చున్నచోట కూర్చోనివ్వలేదు. అడవిలో ఏ ప్రాణీ ముసలితనం దాకా బతకడం అరుదు, పులో కరువో రోగమో ముందే దాన్ని తీసుకుపోతుంది. కాబట్టి వయసు మళ్ళాక బయటపడే లోపాలను ప్రకృతి ఎన్నడూ చూడదు, ఏరి పారెయ్యదు. అవి తరం నుంచి తరానికి పేరుకుంటూ వస్తాయి. మనం ముసలితనం అనేది ఆ పేరుకున్నదాన్నేనట. అది చదివి నేను హాస్టల్ మెట్ల మీద లేచి నిలబడ్డాను. వాళ్ళు అడవి గురించి రాశారు గానీ, ఇది మా మిరపచేలో ఏటా జరిగేదే.

మా వైపు మిరపకు ఒక్క కాపే ఆయుష్షు అని అందరి నమ్మకం. ఆఖరి కోత కాగానే చెట్లు పీకి వంటచెరుకుగా ఇంటికి తోలుకొస్తారు. మిగిలినవి గొర్రెలు తింటాయి. ముసలి మిరపచెట్టును చూసినవాళ్ళు మా ఊళ్ళో ఒక్కరూ లేరు, ఎందుకంటే దాన్ని ముసలి కానిచ్చినవాళ్ళు లేరు. అయినా అందరికీ దాని ఆయుష్షు తెలుసు. నా ఆయుష్షు తెలిసినట్టే.

పరీక్షలు రాసి ఇంటికి వచ్చేసరికి ఆఖరి కోత నడుస్తోంది. మా నాన్న కళ్ళంలో కూర్చుని రంగు పోయి తెల్లబడిన తాలుకాయలు ఏరుతున్నాడు. ఎదురుగా కూర్చుని నేనూ ఏరుతూ అడిగాను.

"నాన్నా, నాయనమ్మ విత్తనానికి ఏ కాయలు తీసిపెడుతుంది?"

"రెండో కోతవి. తెలియదా నీకు?"

"అంటే ఆ కోత దాకా బాగున్న చెట్టేదో అదే మనకు కావాలి. ఆ తర్వాత దానికి ఏ జబ్బు చేసినా, ఎండినా మనకు పట్టదు. విత్తనం అప్పటికే కుండలోకి పోయింది. ఆ జబ్బు గుణం కూడా దానితోపాటే కుండలోకి పోయింది. ఎన్ని తరాల నుంచి ఇట్లా చేస్తున్నాం?"

ఆయన చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా, "అయితే ముసలితనం అంటే ఎవరూ ఏరని తాలన్నమాట" అన్నాడు.

నేను పత్రికలో నాలుగు పేజీలు చదివి అర్థం చేసుకున్నదాన్ని మా నాన్న ఒక్క ముక్కలో చెప్పేశాడు. అప్పుడు నాకు ఆయన మీద పుట్టినంత ప్రేమ అంతకుముందు ఎప్పుడూ పుట్టలేదు. అదను చూసి పందెం వేశాను. చావు లోపల రాసి ఉంటే ఎన్ని నీళ్ళు పోసినా మిరప చస్తుంది. పేరుకున్న లోపాలే అయితే, నీళ్ళూ ఎరువూ చూసుకుంటూ కాయల బరువు తీసేస్తే కొన్నయినా నిలిచి మళ్ళీ పూస్తాయి. బావి పక్కన రెండు వరసలు నాకొదిలెయ్యమన్నాను.

"పూస్తే?" అన్నాడు.

"పూస్తే వాల్తేరు పంపించు."

"పూయకపోతే ఇంకొల్లు. ఏరువాక పున్నమి దాకా చూస్తా. మళ్ళీ మాట మార్చకూడదు."

మార్చనన్నాను. పందెం సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. చెట్లకు చదువు చెప్పడానికి గుంటూరు నుంచి పంతులమ్మ వచ్చిందని బావి దగ్గర ఒకటే నవ్వులు. మా అమ్మ మాత్రం రెండో బిందె తెచ్చి నా బిందె పక్కన పెట్టింది.

ఒక వరసకు పూతా పిందే కనపడగానే గిల్లేశాను. రెండో వరసకు కాయలు అట్లాగే ఉంచాను. చుట్టూ ముళ్ళకంప నాటాను. ఎండలు ముదిరేకొద్దీ తేడా కళ్ళకు కట్టింది. గిల్లిన వరస పచ్చగా నిలబడింది, కాయలున్న వరస ఆకు రాల్చి వేలాడిపోయింది. సంతానం కోసం సత్తువ ధారపోస్తుందన్న పత్రికలో ఆయన మాటలోనూ నిజముందన్నమాట. అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. నాకు కాస్త గర్వం కూడా వచ్చింది.

సరిగ్గా అప్పుడే మా నాన్న పొలంలో గొర్రెల మంద పెట్టించాడు. వేసవిలో మంద దొరకడం మా వైపు అదృష్టమే. రాత్రిళ్ళు గొర్రెలు చేలో పడుకుంటే ఆ పెంటతో నేల బలుస్తుంది. మంద ఒప్పుకున్నాడన్న సంబరంలో మా నాన్న కాపరితో, చేనంతా మేపుకోమని చెప్పేశాడు. నా రెండు వరసల మాట ఆయనకు గుర్తే రాలేదు. కాపరి మందకు దడి కట్టడానికి ముళ్ళకంప కోసం చూశాడు. దగ్గర్లో శ్రద్ధగా నాటిన ముళ్ళకంప నాదే.

పొద్దున బిందెతో వెళ్ళేసరికి గిల్లిన వరసా లేదు, గిల్లని వరసా లేదు. నేల మీద జానెడు మోళ్ళు మిగిలాయి. గొర్రెలు నాకు అడ్డంగా పడుకుని నెమరు వేస్తున్నాయి.

"అయ్యగారు చేనంతా మేపుకోమన్నారమ్మా, నాకేం తెలుసు" అన్నాడు కాపరి. అతని తప్పేముంది. నేను బిందె కింద పెట్టి బావి చప్టా మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. చెట్ల కోసం కాదు, నా కోసమే ఏడ్చాను.

మా నాన్న వచ్చి చూసి తల గోక్కున్నాడు. "నా వల్లే పోయిందమ్మాయ్. ఈ పందెం కొట్టేద్దాం. వచ్చే ఏడు మళ్ళీ వేసుకుందాం."

"వచ్చే ఏటికి నేను ఇంకొల్లులో అంట్లు తోముతుంటాను నాన్నా. పందెం పందెమే. వేళ్ళు ఇంకా నేలలోనే ఉన్నాయి."

ఆ కోపంతోనే లేచి ఆ మోళ్ళకే నీళ్ళు పోశాను. ఈసారి నవ్వడానికి కూడా ఎవరూ రాలేదు. పిచ్చిదాన్ని చూసి నవ్వడం బాగుండదని ఊరుకున్నారు కాబోలు. మా నాయనమ్మ ఇంకొల్లుకు కబురు పంపింది. అమ్మా నేనూ పొద్దునా సాయంత్రమూ బిందెలు మోశాం. మంద వేసిన పెంట ఎటూ ఉంది. చేతిలో ఉన్న ఆస్తి అంతే.

మొదటి చిగురు ఏ మోడుకు వచ్చిందో వంగి చూశాను. అది కాయలు మోసి మోసి చచ్చిపోతోందని నేను అనుకున్న రెండో వరసలోది. తర్వాత ఒకదాని వెంట ఒకటి మొలిచాయి. కొన్ని లేవలేదు, ఎండి పుల్లలయ్యాయి. లేచినవి మాత్రం కొత్త నారు సిగ్గుపడేలా లేచాయి. గొర్రెలు చేసిందేమిటో నాకప్పుడు తట్టింది. నేను పిందె పిందె ఏరి గిల్లిన పనిని అవి రాత్రికి రాత్రి కాయా కొమ్మా కలిపి చేసి పెట్టాయి. బరువు దిగిన వేళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాయి. నేను భయపడుతూ చేస్తున్న ప్రయోగాన్ని అవి బెరుకు లేకుండా పూర్తి చేశాయి.

రోహిణి కార్తె ఎండకు మొదటి మొగ్గలు రాలిపోయాయి. అయినా బిందె ఆపలేదు. మృగశిరలో వాన పడింది. పున్నమి ఇంకా రాలేదు. వాన వెలిసిన పొద్దున వెళ్తే నా చెట్లనిండా తలవంచుకుని తెల్లటి పూలు. ఊళ్ళో ఎవరూ ఇంకా నారుమడికి గింజ చల్లలేదు. మా చేలో మిరప పూసింది.

చూడటానికి ఊరు ఊరంతా వచ్చింది. పక్క పొలం పెదనాన్న చెట్టు మొదలు పట్టుకుని వంగి, గొర్రెలు కొరికిన గాటు వేలితో తడిమి, కొత్త మొక్క తెచ్చి పాతలేదని నిర్ధారణ చేసుకున్నాడు. "ఏరా, నీ చేనుకి ముసలితనం పోయిందేంటి" అన్నాడు మా నాన్నతో.

"మా అమ్మాయి పోగొట్టింది" అన్నాడు మా నాన్న, గట్టు మీద ఉన్న ఆఖరి మనిషికి వినపడేంత గొంతుతో. "వాల్తేరు వెళ్తోంది, పెద్ద చదువుకి."

ఆ మాట విన్నప్పుడు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇన్నేళ్ళయినా ఆ గొంతు నా చెవిలో ఉంది. ఆ తర్వాత ఎన్ని చోట్ల ఎంతమంది మెచ్చుకున్నా దాని ముందు దిగదుడుపే.

ఇంటికి వెళ్ళాక నాయనమ్మ ఊరుకోలేదు. "ఇంకా రెండేళ్ళు చదువా? ముదిరిపోదూ?"

"ముదరనీ అమ్మా" అన్నాడు మా నాన్న కాళ్ళు కడుక్కుంటూ. "ముదిరితే ఏమవుతుందో మనం ఎప్పుడన్నా చూశామా?"

వాల్తేరులో సీటు కోసం ఇంటర్వ్యూకు పిలిచినప్పుడు నేను గొర్రెల కథ మొత్తం చెప్పాను. వాళ్ళు కడుపుబ్బ నవ్వి, ఆపైన ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి, సీటిచ్చారు. గుంటూరు మాస్టారికి ఆ సంగతి చెప్తే, ఇరుసు మాట ఇక క్లాసులో ఎత్తనమ్మా అని ఆయన నాకంటే ఎక్కువ సంతోషించారు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఆ చెట్ల కాయలు ఎర్రగా పండి, కోసి, ఎండి కూడా ఉన్నాయి. మా నాన్న నన్ను పంచలోకి తీసుకెళ్ళి కొత్త కుండ మూత తీసి చూపించాడు.

"ఇవి రెండో ఏటి చెట్ల కాయలు. వచ్చే ఏడు ఒక మడి వీటితోనే వేస్తా. అందులో ఏది ఎక్కువ కాలం నిలిస్తే దాని విత్తనమే ఆపై ఏటికి. అట్లా పోతా ఉంటే నీ తాలు ఏరినట్టే కదా?"

నేను చదవబోయేది ఆయన అప్పుడే మొదలుపెట్టేశాడు. "ఏరినట్టే నాన్నా. కానీ అది తేలాలంటే ఎన్ని తరాల చెట్లు కావాలో. మన బతుకులు చాలవు" అన్నాను.

ఆయన కుండ మూత పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"చాలినన్నాళ్ళు చేద్దాం. నువ్వు చదువుతా ఉండు, నేను వేస్తా ఉంటా" అన్నాడు.