అక్క వక్కాకు సంచి

మా అక్క చేతిలో డబ్బు నిలిచేది కాదు. అలాగని దుబారా మనిషి కాదు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లుకు పత్తి ఏరే పనికి పోయేది. శనివారం బటవాడాలో వారం కూలి అందుకుని ఇంటికి బయలుదేరితే దారిలో ఏది కంటపడితే అది కొనేది. గాజులు, బొరుగులు, ఒకసారి ఎవరి బిడ్డకో ఊయల తాడు. ఇల్లు చేరాక బియ్యం గుర్తుకొచ్చేవి. మిగతా డబ్బు ఏమైందని అడిగితే తెల్లమొహం వేసేది. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కింటివాళ్ల కోడిపిల్ల తప్పించుకుందని వీధిలో దాని వెంట పరిగెత్తే మనిషి. దీనికి ఏడీహెచ్‌డీ అని పేరుందని ఈమధ్య అక్క మనవరాలిని చూసిన డాక్టరు చెప్పాడు. డెబ్బైల చివర మాకు తెలిసిన పేరు 'పరాకు మనిషి'. అది కూడా ప్రేమున్నవాళ్లు అనే మాట. లేనివాళ్లు అనేవి ఇక్కడ రాయను.

కోడుమూరులో ఉండే అక్క అత్తకు ఒకటే అనుమానం, కోడలు సంపాదనంతా పుట్టింటికి దోచిపెడుతోందని. పుట్టిల్లంటే ఎవరు, నేనే. అమ్మానాన్నా పోయాక ఎమ్మిగనూరులో రవికలు కుట్టుకుని బతికేదాన్ని. అప్పుడే కొత్త మిషను కొనడం నా ఖర్మ. "ఎమ్మిగనూరు జాతరకు వస్తా. ఆడ తేల్సుకుందాం. దుడ్లు నిలబెట్టలేదంటే ఆదోని కాపురం సాలించి నా ఎంబడి రావల్ల. పొయ్యి నా సేతిలో ఉంటాది" అని ఆమె కబురు పంపింది. బావ మార్కెట్ యార్డులో హమాలీ. బస్తా ఎంత బరువైనా ఎత్తేవాడు గానీ తల్లి ముందు నోరెత్తేవాడు కాదు.

అక్క బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. "నా పొయ్యి నాకు కావల్లమే. ఏమన్నా సెయ్యి" అని ఏడ్చింది.

ముందు రేకు డబ్బాలు పెట్టించాను. బియ్యానికొకటి, నూనెకొకటి, బాడుగకొకటి. అన్నిటికీ మూతలు బిగించి గూట్లో వరసగా పెట్టాం. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. కానీ మూత పడిందంటే అక్కకు ఆ డబ్బు లోకంలోనే లేదు. బియ్యం డబ్బులు డబ్బాలో కూర్చుని ఉండగానే పక్కింట్లో శేరు బియ్యం బదులు తెచ్చుకుంది. ఈమెకు కంటికి కనపడనిది గుర్తుండదని, మా వైపు ఆడవాళ్లంతా చేసినట్టే కొంగున ముడి వేయించాను. ఒక్కో ఖర్చుకు ఒక్కో ముడి. కొంగంతా పసుపుకొమ్ములు కట్టుకున్నట్టు తయారైంది. ఆదివారం ఆ చీరను అట్లాగే నీళ్లలో ముంచి ఉతికేసింది. తడిసిన నోట్లన్నీ విప్పి మంచం మీద ఆరబెట్టింది. ఆరాక ఏది బియ్యందో ఏది బాడుగదో దేవుడికే తెలియాలి. మర్నాటికి సగం లేవు.

నా నోరు మంచిది కాదు. ఆ సంగతి విని దులిపేశాను. నేను తిడుతుంటే అక్క నా మొహంలోకే చూస్తూ నడుముకు దోపుకున్న వక్కాకు సంచి తీసింది. ఒక అరలోంచి ఆకు, ఒక అరలోంచి వక్క, ఇంకోదాంట్లోంచి సున్నం కాయ, అడుగున పొగాకు. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఒక్కటి కూడా తప్పు తీయలేదు. ఊళ్లో అన్నీ పారేసుకునే మనిషి ఆ సంచిని మాత్రం ఎన్నడూ పారేసుకోలేదు.

తిట్టడం ఆపేశాను. "సూడకుండా ఎట్ల తీస్తాండావే?" అన్నాను.

"సేతికి తెలుసు గదమే" అంది.

ఆ రోజే కత్తెర పట్టుకున్నాను. అదే వాటంలో అరల సంచి కుట్టాను. బియ్యం అరకు గోనెపట్టా ముక్క, బాడుగకు నున్నటి శాటిన్, నూనెకు మందం గుడ్డ. వేలు తగిలితే చాలు, ఏ అరో తెలియాలి. బటవాడా తీసుకున్న చోటే, మిల్లు గేటు దాటకముందే పంచి వేసుకోమన్నాను. మొదట బియ్యం ముఖ్యం కదా అని గోనె అరను అన్నిటికన్నా పైన పెట్టాను. అదే నా తెలివితక్కువ. చేతికి ముందు తగిలిందే ముందు ఖర్చయింది. విప్పేసి మళ్లీ కుట్టాను. బియ్యం లోపలికి పోయింది, దానికొక గుండీ వచ్చింది. అన్నిటికంటే పైన ఒక చిన్న ఉత్త అర పెట్టాను.

"ఇది దేనికి?" అంది అక్క.

"పారేసుకునేదానికి. దీంట్లోది ఏం సేసినావని ఎవరూ అడగరు."

అక్క నన్ను కౌగిలించుకుంది. ఆ సంచి మీద నాకు నమ్మకం కుదిరింది. ఆ అత్త మీదే లేదు.

జాతరకు అత్త వచ్చింది. సంచి సంగతి అప్పటికే ఆమె చెవిన పడింది. మా ఇంట్లో మంచం మీద కూర్చుని, నీళ్లు కూడా తాగకుండా సంచి అడిగింది. గోనె అర తడిమింది, బియ్యం డబ్బులు ఉన్నాయి. నూనెవి ఉన్నాయి. బాడుగవి ఉన్నాయి. పై అరలో వేలు పెట్టింది. ఖాళీ.

"దీంట్లోవి యాడ పాయ?"

ఎవరూ అడగరని నేనిచ్చిన మాట ఆమెకేం తెలుసు. గాజులకని చెప్పవే అని కళ్లతో సైగ చేశాను. ఒక్క అబద్ధంతో గట్టెక్కేది. అక్క నా వైపు చూసింది, మళ్లీ అత్త వైపు చూసింది.

"తెలీదు అత్తా. నిజ్జంగా తెలీదు. యాడనో పాయ."

అయిపోయింది, రేపే మూట కట్టాలి అనుకున్నాను. అత్త గోనె అరను మళ్లీ ఒకసారి వేళ్లతో నొక్కి చూసింది.

"దోసిపెట్టేదానివైతే ఏదో ఒగ కర్సు పేరు సెప్పుండేదానివి" అంది చివరికి. "నీకు నిజంగానే తెలీదు." సంచి తాడు బిగించి కోడలి చేతిలో పెట్టింది. "నీ పొయ్యి నువ్వు సూసుకో. నాకు కాసిన్ని నీళ్లియ్యండి."

నీళ్లు నేనే తెచ్చిచ్చాను. అక్క వంటింట్లోకి వచ్చి నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పొయ్యి నిలబడిందని ఏడుస్తోందేమో అనుకుని, ఇంకేం భయం లేదు ఊరుకోమన్నాను.

"దానికి కాదుమే" అంది. "తెలీదంటే నమ్మిందిమే. ఇంత వయసుకు ఒగరు నమ్మినారు."