పన్నెండు గరిటెల అంబలి, మూడు మోటారు సైకిళ్లు

2003 జూన్ 9, సోమవారం, ఉదయం ఏడుంపావు. మా ఆయన కాశీబుగ్గ సెలూన్లో క్షౌరం చేయించుకుని ఇంటికి వచ్చారు. మెడ మీద వెంట్రుకలు దులుపుకోకుండానే వంటింటి గుమ్మంలో నిలబడి, "మనకి అడ్వెంచర్ బండి కావాల" అన్నారు.

నేను పొయ్యి మీద చోడి అంబలి, అంటే రాగి జావ, కలుపుతున్నాను. గరిట ఆపితే ఉండలు కడుతుంది కాబట్టి ఆపలేదు.

"అదేటండీ?"

"ఎడారిలో ఎల్లే మోటారు సైకిలు. సెలూన్లో కేలండర్ మీద ఉంది. సక్రాలు ఇంతెత్తు. ఎనకాల గుడారం కట్టీసుకుని ఒక మనిషి ఎలిపోతన్నాడు. కళ్లద్దాలు ఎట్టుకున్నాడు."

"ఎక్కడికి వెళ్తున్నాడు?"

"అది రాయనేదు."

ఇంట్లో మోటారు సైకిలు అవసరమన్నది నిజమే. అయితే ఆ అవసరం ఆయనది కాదు, నాది. నేను వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక చేపల ఊళ్లో ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయినిని. పలాస నుంచి బస్సు తారు రోడ్డు చివరి దాకానే వెళ్తుంది. అక్కణ్ణించి జీడితోటల్లో, సరుగుడు తోపుల్లో ఇసుక దారి. నా అంగలతో 4,912. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ అంతే వచ్చింది. పందొమ్మిదేళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని ఆ దారిన నడిచాను. ఆ వేసవిలో కుడి మోకాలు వాచింది. ఇసుకలో నడక మానకపోతే మోకాలు మీ మాట వినదని టెక్కలి డాక్టరు చెప్పాడు. ఆటోలు ఆ ఇసుకలోకి రావు.

మోకాలి సంగతి తెలిసి, పై అధికారులు నన్ను టెక్కలి దగ్గర రోడ్డు పక్కనున్న బడికి మారుస్తామన్నారు. ఇష్టమో కాదో జూలై 5 లోగా రాసివ్వాలి. నాకు ఇంకా మూడేళ్ల నాలుగు నెలల సర్వీసు ఉంది. అది ఆ బడిలోనే చేయాలని నా పట్టు. కారణం పెద్దది కాదు. 1984 నుంచి ఏటా జూన్‌లో ప్రతి పిల్లనీ, పిల్లవాణ్ణీ గోడకి ఆనించి నిలబెట్టి, తల దగ్గర గీత గీసి తేదీ వేస్తున్నాను. టెక్కలికి నేను వెళ్లగలను గానీ గోడ రాదు.

అందుకని ఆయన్ని ఒకటే అడిగాను. "మీ బండి ఎడారిలో వెళ్తుందన్నారు. నన్ను ఎక్కించుకుని మా బడి దాకా వెళ్తుందా?"

"ఎడారికి ఎల్లింది మీ బడికి ఎల్లదేటే?"

"అయితే చూద్దాం. పాతికవేలు దాటకూడదు."

ఆ సాయంత్రమే పరీక్ష నియమాలు ఒక కాగితం మీద రాశాను. పిల్లలకి పరీక్ష పెట్టినట్టే బండికీ పెట్టాలి. అందరికీ ఒకే ప్రశ్న, ఒకే సమయం. బయలుదేరడం రోడ్డు చివర సైకిలు షాపు దగ్గర, ఉదయం 7.40కి. బరువు ఒకటే: నేను 63 కిలోలు, పుస్తకాల సంచీ నాలుగు, ఆయన 58. నేను పక్కకి తిరిగి కూర్చుంటాను. నా ఒళ్లో మూత తీసిన స్టీలు క్యాన్, అందులో కొలిచి పోసిన పన్నెండు గరిటెల అంబలి. ఎంత ఒలికితే బండికి అంత తక్కువ మార్కులు. రెండు టైర్లకీ ఒకేలా, బొటనవేలితో నొక్కితే దిగకుండా గాలి. ఈ చివరి నియమం కింద రెండు గీతలు గీశాను. ఒక బండికి ఎక్కువా ఇంకో బండికి తక్కువా గాలి ఉంటే అది పరీక్ష కాదు.

మొదటి బండి పలాసలో కొత్తది. మా ఆయన షాపులో గుడారం కట్టే బండి అడిగారు. అక్కడి కుర్రాడు ఆయన్ని పైనుంచి కింద దాకా చూశాడు. "అలాంటివి మన వైపు రావు మావగారూ. వచ్చినా మీరు ఎక్కలేరు. ఇది తీసుకోండి, గుడారం కావాలంటే సీటుకి కట్టీవచ్చు." బండి నల్లగా, పొట్టిగా, బుద్ధిమంతుడిలా ఉంది. ఇసుకలో నడిపి చూస్తేనే కొంటానంటే కుర్రాడు ఒప్పుకోలేదు. తన మోపెడ్ మీద తానూ వెనకాల రావచ్చంటే ఒప్పుకున్నాడు.

జూన్ 15, ఆదివారం. ఆ కుర్రాడు ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లతో వచ్చాడు. మా ఆయన కేలండర్ మనిషిలా ఉండాలని వెల్డింగు చేసేవాళ్లు పెట్టుకునే నల్ల కళ్లద్దాలు తెచ్చుకున్నారు. వాటిలోంచి సూర్యుడు తప్ప ఇంకేమీ కనిపించదని ఇసుకలోకి దిగాక చెప్పారు.

"తీసీండి మరి."

"కళ్లలో ఇసక పడద్ది. నువ్వు సెప్పు, నాను తిప్పుతాను."

నేను ఎడమ అన్నాను. ఆయన ఎడమకి తిప్పారు. నేను కుడి అనేలోగా ముందు చక్రం సగం దాకా దిగిపోయింది. 412వ అంగ. అంబలి నా ఒళ్లోంచి ఎగిరి, సాయం పట్టడానికి పరిగెత్తుకొచ్చిన కుర్రాడి బూట్ల మీద పడింది. మిగిలినది మూడు గరిటెలు. ఆ కుర్రాడు తడిసిన బూట్ల వంక చాలాసేపు చూసి, "ఈ బండి మీకు పనికిరాదు మావగారూ" అన్నాడు. అమ్మకానికి వచ్చినవాడు అంత నిజాయితీగా మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. మార్కుల కాగితంలో 'బండి: తప్పింది' అని రాసి, మిగిలిన 4,500 అంగలూ వెనక్కి తిరిగినందుకు మిగిలిపోయాయని లెక్క వేశాను.

రెండోది టెక్కలిలో పాత బండ్ల బ్రోకరు దగ్గర దొరికింది. ఆకుపచ్చ రంగు, దున్నంత బరువు. స్టార్టు చేస్తే పక్క వీధిలో కుక్కలు లేచాయి.

"కశ్మీరు ఎల్లొచ్చిన బండి బావా ఇది" అన్నాడు బ్రోకరు.

"మంచులో ఎల్లిందా?" అన్నారు మా ఆయన.

"మంచేటి, రాళ్లేటి. మీ ఇసక దీనికి బూడిద లెక్క."

"ఎవరు తీసుకెళ్లారు?" అన్నాను నేను.

"ఎవులో ఒకలు ఎల్లుంటారు కదమ్మా."

జూన్ 22, ఆదివారం. సైకిలు షాపు ముసలాయన గాలి కొడుతూ కొడుతూ ఆగి, "ఇంత గాలా అమ్మా?" అన్నాడు. పోయిన వారం కూడా అలాగే అన్నాడు. "బొటనవేలు దిగకూడదు" అన్నాను. ఆయన ఇంకో పది కొట్టాడు.

ఆ బండి తన బరువుతో, చప్పుడుతో 1,127వ అంగ దాకా వెళ్లింది. అక్కడ ఎండలో పడుకునే గేదెలా మెల్లగా పక్కకి ఒరిగి పడుకుంది. అంబలి పన్నెండు గరిటెలూ ఇసుక తాగేసింది. మా ఆయనా, నేనూ, దారిన పోతున్న మరో ఇద్దరూ కలిసి లాగినా అది లేవలేదు. అప్పుడు వేట నుంచి వచ్చిన ఎనిమిది మంది మత్స్యకారులు, తెప్పని ఒడ్డు మీదికి చేర్చినట్టే, రెండు వెదుళ్లు దాని కిందకి దూర్చి, తాళ్లు కట్టి, భుజాలకి ఎత్తుకున్నారు. ఒకడు పల్లవి అందుకుంటే మిగిలినవాళ్లు అడుగు కలిపారు. మా ఆయన నల్లద్దాలు పెట్టుకుని ముందు నడిచారు. నేను ఖాళీ క్యాన్‌తో వెనక నడిచాను. దారిలో ఎదురైన ముసలమ్మ ఒకామె ఎవరో పోయారనుకుని పక్కకి తప్పుకుని నిలబడింది. దగ్గరికి వచ్చాక తొంగి చూసి, "ఇనప మనిసా?" అంది.

ఆ తరవాత వారమంతా మా ఆయన ఇచ్ఛాపురం తిరిగారు. మూడో బండి అక్కడ దొరికింది. అమ్మేవాడు ధర మాతో తెలుగులో చెప్పి, తగ్గింపు గురించి వాళ్లావిడతో ఒడియాలో మాట్లాడాడు. ఆవిడ తల అడ్డంగా ఊపడం మాత్రం ఏ భాషలోనైనా అర్థమయ్యేదే. ఆ బండి నిజంగానే కేలండర్ బండికి చిన్న తమ్ముడిలా ఉంది. ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన, సైలెన్సరు నడుము దగ్గర, సీటు నా ఛాతీ దగ్గర. ఎక్కడానికి పీట కావాలి. పీట ఎక్కి బండి ఎక్కాక, ఆ పీటని ఎవరు ఎత్తుతారన్న ప్రశ్న వచ్చింది. నేను కూర్చున్నాక దానికి కట్టిన తాడు పట్టుకుని పైకి లాక్కోవాలని తేల్చాం. నూతిలో చేద లాగినట్టే.

ఈలోగా బడులు తెరిచారు. నేను మోకాలికి గుడ్డ చుట్టుకుని నడిచే వెళ్తున్నాను. జూలై 3 రాత్రి అన్నాలయ్యాక బదిలీకి ఒప్పుకుంటున్నట్టు కాగితం రాసి, చేతిసంచీలో పెట్టుకున్నాను. మా ఆయన చూశారు.

"రేపు బండి తెత్తన్నాను కదా."

"అది కూడా చూసి, ఎల్లుండి ఇచ్చేస్తాను."

ఆయన నల్లద్దాలు తుడుచుకున్నారు.

జూలై 4, శుక్రవారం, 7.40. గాలి, బొటనవేలు, అంబలి, పీట. 1,640వ అంగ దగ్గర ముందు చక్రం దిగింది, వెనక చక్రం ముందుకు రాబోయింది, నేను మొగలి పొదలో కూర్చున్నాను. క్యాన్ వదల్లేదు. చీర ముళ్లకి చిక్కుకుంది. పీట మాత్రం దారి మధ్య నాలుగు కాళ్ల మీదా సరిగ్గా నిలబడింది.

అప్పుడే వెనక నుంచి ఒక పాత బండి వచ్చింది. తొక్క ఊడిన సీటు, అటొక చేపల గంప, ఇటొక గంప, భర్త నడుపుతుంటే వెనక భార్య. ఇసుకలో బాతు నీళ్లలో వెళ్లినట్టు వచ్చి మా పక్కన ఆగింది. ఆవిడ నా శిష్యురాలు. గోడ మీద ఆమె గీతల్లో 1987దీ, 1988దీ, రెండూ మూడో తరగతివే. భాగహారం రాలేదని నేనే ఉంచేశాను.

"ఓలమ్మ, పంతులమ్మా, ఇదేటి మొగిలి పొదలో కూకున్నారు?"

"పడ్డాను."

ఆమె నన్ను లేపలేదు. ముందు బండి దగ్గరికి వెళ్లి టైరు నొక్కి చూసింది.

"గాలి ఎవులు కొట్టించినారు?"

"నేనే."

"ఇసకలో ఎల్లడానికి ఇంత గాలేటి? బిగిసిపోనాది. బిగిసిపోతే దిగబడిపోద్ది కదా."

"అన్ని బండ్లకీ ఒకేలా ఉండాలని కొట్టించాను."

"అయితే అన్నింటినీ ఒకేలాగ ముంచీసినారన్నమాట."

ఆమె గాజులకి తగిలించుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి తీసి, చక్రం దగ్గర కూర్చుని గాలి మూతి నొక్కి పట్టింది. బుస్సుమని చాలాసేపు గాలి పోయింది. పోతూంటే మా ఆయన మొహం చూడలేక నేను సముద్రం వైపు చూశాను.

"సాలు సాలు" అన్నారాయన. "టైరు పాడైపోద్ది."

"ఉండు మావా. అన్నం తిని కూకున్న మనిసి పొట్టలాగ పక్కలకి పొంగాల." రెండో చక్రానికీ అలాగే తీసింది. "నడు ఇప్పుడు. రోడ్డు కాడికొచ్చి మల్లీ కొట్టించుకోండి." తరవాత నా చీర ముళ్ల నుంచి విడిపిస్తూ, "భాగారం నాకు ఇప్పటికీ రాదు పంతులమ్మా" అంది.

"తెలుసు" అన్నాను.

పీట ఎక్కాను, బండి ఎక్కాను, పీట లాక్కున్నాను. మా ఆయన నల్లద్దాలు జేబులో పెట్టేసి కళ్లు తెరిచి నడిపారు. బండి ఊగుతూ, తూలుతూ, సరుగుడు తోపు దాటింది, ఇసుక దిబ్బ ఎక్కింది, దిగింది. బడి మెట్ల దగ్గర ఆగేసరికి గడియారంలో 8.31. బడి గంటకి ఇంకా యాభై తొమ్మిది నిమిషాలు. క్యాన్లో అయిదు గరిటెల అంబలి అలాగే ఉంది. మధ్యాహ్నం దాన్ని ఇద్దరం తాగాం. బడి అరుగు మీద కూర్చుని ఆయన అడిగారు.

"అయితే పలాస బండి కూడా వచ్చీసునేటి?"

"వచ్చేది."

"కశ్మీరుది?"

"అదీ వచ్చేది."

ఆయన మిగిలిన అంబలి తాగేసి, "పోన్లే, సెప్పకు ఎవులికీ" అన్నారు. ఆయనకి కావలసిన ఎత్తు బండే చివరికి మిగిలినందుకు లోపల సంతోషంగానే ఉన్నారని నాకు తెలుసు.

చేతిసంచీలోని కాగితం తీసి, వెనక వైపు కొత్త నియమం రాశాను: 'గాలి: బొటనవేలు దిగాలి.' ఒక వైపు గాలి గురించి రాసిన కాగితాన్ని పై అధికారికి ఇవ్వడం మర్యాద కాదు కాబట్టి, మరునాడు వేరే కాగితం మీద బదిలీ వద్దని రాసిచ్చాను.

బండి నడిచిన రోజు సాయంత్రం రోడ్డు మీదికి వచ్చాక సైకిలు షాపు ముసలాయన్ని అడిగాను. "గాలి తియ్యాలని నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి చెప్పలేదేం?"

"రెండుసార్లు అడిగినాను కదమ్మా. మీరు పంతులమ్మ. మీకు నానేటి సెప్పేది?"

ఆ బండి మీద 2006 అక్టోబరు 31న పదవీ విరమణ చేసే దాకా ఆ బడికే వెళ్లాను. మా ఆయన దాని మీద హిమాలయాలకి వెళ్లలేదు. ఒకసారి గుడారం కొని హరిశ్చంద్రపురం దాకా వెళ్లి, వాన వస్తే రైల్వే స్టేషన్లో కూర్చుని వచ్చారు.

ఆ ఇరవై ఆరు రోజుల్లో పోయినవి ఇవి. అంబలి, ముప్పయి ఆరింట్లో ఇరవై ఎనిమిది గరిటెలు. చీర ఒకటి, మొగలి ముళ్లకి. నా ఎడమ చెప్పు, 1,127వ అంగ దగ్గర, ఇంకా దొరకలేదు. పలాస కుర్రాడి బూట్ల మెరుపు. వెల్డింగు అద్దాల్లో ఒకటి. నా శిష్యురాలి పిన్నీసు, తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు, అది నా గాజుకే ఉంది కాబట్టి పోయినట్టు రాయడం లేదు. గాలి, మూడు బండ్లకీ కలిపి ఆరు టైర్లకి కొట్టించినది, రెండు టైర్లకి తీయించినది.